శుక్రవారం జవాబు

వెస్ట్ ఫోర్క్, కాన్సాస్
సెప్టెంబర్ 4, 1973

ఏరా మహారాజా,

వెళ్ళిన దగ్గర్నుంచీ ఒక్క ముక్క రాయడానికి నీకు చేతులు రాలేదు. బంతి విసరడానికి మాత్రం బాగానే వస్తున్నాయి. పేపర్లో నీ ఫోటో చూసి, సరే, బతికే ఉన్నాడనుకున్నాం. "మార్లో కాలేజీ ఫుట్‌బాల్ జట్టు కొత్త క్వార్టర్‌బ్యాక్ వెండెల్ టాగర్ట్, వెస్ట్ ఫోర్క్ రైతుబిడ్డ" అని వేశారు. బంతి విసిరి జట్టుని నడిపేది తన కొడుకేనని, ఊళ్ళో ఉన్న ఆ పేపర్లన్నీ నాన్నే కొనేశాడు. మేబెల్ హోటల్ గోడకొకటి, విత్తనాల కొట్టుకొకటి అంటించి, చర్చి నోటీసు బోర్డు మీదా ఒకటి గుచ్చి వచ్చాడు. పాస్టరు గారు "ఎమ్మెట్, ఇది దేవుడి కబుర్లు పెట్టే చోటయ్యా" అంటే, "ఇదీ దేవుడి కబురే" అన్నాడట!

గోధుమ విత్తే రోజులొస్తున్నా ఈయన మాత్రం శనివారం ట్రాక్టర్ ఎక్కనని ఇప్పుడే చెప్పేశాడు. శనివారమంతా రేడియో ముందే కూర్చుంటాడట. నా సెలూన్లో ఆడవాళ్ళకి నీ కబుర్లు తప్ప ఇంకేం పట్టడం లేదు. మిసెస్ ప్రూయిట్ తన మనవరాలిని నీకు అప్పుడే ఖాయం చేసేసింది. ఆ పిల్లకి పళ్ళకి కట్టిన తీగలు ఇంకా తియ్యలేదనుకో.

నవ్వులాటకి కాదు గానీ ఒక మాట చెప్తాను. నిన్ను పడగొట్టడానికే అవతలి జట్టు అంతంత మనుషుల్ని మేపి పెంచుతుంది. నీ ఆట ఒక్కటీ వదల్లేదని ఊళ్ళో నాకు పేరు గానీ, నిజానికి సగం ఆట కళ్ళు మూసుకునే చూశాను. అమ్మ పోయాక రోజూ నీ తల దువ్వి బడికి పంపింది నేను. ఆ తలకేమవుతుందోనని భయపడే హక్కు నాకుంది.

నీ అక్క,
లొరెట్టా

*

మార్లో
సెప్టెంబర్ 18

అక్కా,

తిట్లు అందాయి. బాగున్నాయి, ఇంకొన్ని పంపు.

రెండు ఆటలూ గెలిచాం, మీరు రేడియోలో వినే ఉంటారు. మొన్నటి ఆటలో మాత్రం నన్నొకడు వెనక నుంచి వచ్చి కొట్టాడు. బండెడు మనిషి. కాసేపు నన్ను గీత బయట కూర్చోబెట్టి, ముక్కు దగ్గర ఏదో ఘాటు మందు పెట్టి, మళ్ళీ లోపలికి పంపారు. ఆఖరి పాస్ చాలా అందంగా విసిరానట. అందరూ అదే చెప్పుకుంటున్నారు.

ఇక్కడ తిండి పర్వాలేదు. చిల్లీ మాంసం పులుసు పెడతారు గానీ, మన ఊళ్ళోలా పక్కన దాల్చినచెక్క రొట్టె పెట్టరు. ఏదని అడిగితే తూర్పు రాష్ట్రాల కుర్రాళ్ళు పడీ పడీ నవ్వారు. నా గదిలో ఉండేవాడు ఓటిస్ బ్లెడ్సో, ఓక్లహోమా వాడు. మా జట్టుకి సెంటర్ వాడే. నా ముందు వంగి నిలబడి కాళ్ళ మధ్య నుంచి బంతి నా చేతికి అందిస్తాడు. "ఒరే వెండెల్, నీకు ఎప్పుడూ నా వీపే గతి. మొహం కూడా బాగుంటుందిరా, ఓసారి చూడు" అంటాడు. మంచివాడు. నేను వాడి మీద ఎంత ఆధారపడ్డానో నీకు చెప్పలేను.

లీలండ్ బావ ఎలా ఉన్నాడు? పెళ్ళికి తారీఖు పెట్టుకున్నారా? శనివారం మాత్రం పెట్టకండి తల్లీ, నాకు ఆట ఉంటుంది.

వెండెల్

*

వెస్ట్ ఫోర్క్
సెప్టెంబర్ 24

వెండెల్,

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను, తర్వాత ఒళ్ళు మండింది. లీలండ్ బావ ఎలా ఉన్నాడా? మే నెలలో వాడు నన్నొదిలేసి పోతే, వాడి ఉంగరం వాడి మొహాన కొట్టి రమ్మని పంపింది నిన్నే కదరా! నువ్వు అంతటితో ఆగక వాడి పికప్ అద్దం కూడా పగలగొట్టి వచ్చావు. అదంతా అయ్యాక నాతో ఇదేం వేళాకోళం? పుండు మీద కారం చల్లడం నీకెవరు నేర్పారు? పేరు రాగానే మనిషి ఇలా అయిపోతాడా?

సరే, ఆ సంగతి పక్కన పెట్టు. పేపర్లో నీ జోకు గురించి రాశారు. దెబ్బ తగిలి పడ్డాక డాక్టరు గారు "ఇవాళ ఏ వారం?" అని అడిగితే నువ్వు తడుముకోకుండా "శుక్రవారం. మనమే ముందున్నాం. నాకేం కాలేదు" అన్నావట. అప్పుడు శనివారం, మీ జట్టు వెనకబడి ఉంది. అందరూ విరగబడి నవ్వారట. "జోకులేసే ఓపిక ఉంటే ఆడే ఓపికా ఉన్నట్టే" అని కోచ్ నిన్ను మళ్ళీ లోపలికి పంపాడట. నాన్న ఆ ముక్క కత్తిరించి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. కనబడ్డ వాళ్ళందరికీ చదివి వినిపిస్తున్నాడు.

నేనూ నవ్వాను. గిన్నెలు కడుగుతుంటే గుర్తొచ్చి నా చేతులు ఆగిపోయాయి. నువ్వు హైస్కూల్లో ఆడేటప్పుడు ఆటలన్నీ శుక్రవారమే. దెబ్బ తగిలాక అడిగే ప్రశ్నలకి తడబడితే పక్కన కూర్చోబెడతారని, నాన్న నీకు వంటింట్లో ఈ మూడు ముక్కలూ చిలకకి నేర్పినట్టు నేర్పాడు. "శుక్రవారం, మనమే ముందున్నాం, నాకేం కాలేదు." తినేటప్పుడు కూడా ఉన్నట్టుండి అడిగేవాడు, నోట్లో ముద్దతోనే నువ్వు చెప్పేవాడివి.

నువ్వు జోకు వేశావా వెండెల్? నిజం రాయి.

లొరెట్టా

*

మార్లో
అక్టోబర్ 2

అక్కా,

లీలండ్ సంగతికి నా చెంపలు నేనే వాయించుకుంటున్నాను. వేళాకోళం కాదు. నువ్వు రాశాక ఆ పికప్ అద్దం గుర్తొచ్చింది. అంతకు ముందు లేదు. రాస్తున్నప్పుడు మాత్రం వాడు బావే అనిపించింది, ఎందుకో తెలీదు.

జోకు కూడా కాదు. ఆ రోజు నేనేమన్నానో నాకు తెలీదు. నేను మన ఊరి మైదానంలో ఉన్నాననుకున్నాను. అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వాను. ఇది నీకొక్కదానికే చెప్తున్నాను. నాన్నకి తెలిస్తే ఆయన ఇక మేబెల్ హోటల్లో తలెత్తుకుని కూర్చోలేడు.

ఇప్పుడు బాగానే ఉన్నాను. పొద్దున్నే వెలుతురు కళ్ళలో పొడుస్తుంది, అంతే. ఆటలో కోచ్ గీత అవతల నుంచి చేతి సైగలతో ఏ ఎత్తు వెయ్యాలో చెప్తాడు. నేను చూసి, మావాళ్ళు తలలు దగ్గర పెట్టి నిలబడ్డప్పుడు వాళ్ళకి చెప్పాలి. సైగ చూసి, వాళ్ళ దగ్గరికి నడిచేలోగా ఒక్కోసారి జారిపోతుంది. ఓటిస్ కూడా సైగలు చూస్తాడు. తల వంచి, దగ్గుతున్నట్టు నటించి, నాకు మాత్రం వినబడేలా చెప్పేస్తాడు. నేను గట్టిగా అందరికీ చెప్తాను. ఇంకెవడికీ తెలీదు. మొన్న కూడా గెలిచాం.

నవంబర్ పదిన, డబ్బిచ్చి ఆడించుకునే పెద్ద జట్ల వాళ్ళు నన్ను చూడ్డానికి వస్తున్నారు. అప్పటిదాకా లాగేస్తే చాలు. కోచ్‌కి తెలిస్తే నా బదులు బల్ల మీద కాచుకున్న కార్ల్ బ్రాండ్ట్ గాడిని దింపుతాడు, ఇక నా కథ ముగిసినట్టే. నీ నోరు కుట్టేసుకో అక్కా, బతిమాలుతున్నాను.

వెండెల్

*

వెస్ట్ ఫోర్క్
అక్టోబర్ 8

నా బంగారు తమ్ముడూ,

నీ ఉత్తరం పొయ్యిలో పడెయ్యబోయి, మళ్ళీ తీసి దాచాను. ఆ రోజంతా నా ధ్యాస కత్తెర మీద లేదు. మిసెస్ ప్రూయిట్‌కి ఒక పక్క జుట్టు పొట్టిగా అయిపోయింది. కొత్త ఫ్యాషనని చెప్పాను, నమ్మింది.

హోబర్ట్ నీకు తెలుసుగా, మేబెల్ హోటల్లో కిటికీ దగ్గర కూర్చునేవాడు. ఒకప్పుడు ఈ జిల్లాలో వాడిని ఆపగలిగినవాడు లేడు, బంతి పట్టుకుని తలతోనే గుద్దుకుంటూ పోయేవాడు. వాడి జుట్టు నేనే కత్తిరిస్తాను. నిన్న కుర్చీలో కూర్చుని, "అమ్మాయ్, ఇవాళ ఆట ఉందా?" అన్నాడు. లేదన్నాను. తువ్వాలు కట్టేలోగా మళ్ళీ అడిగాడు. వాడి నెత్తి మీద నీళ్ళు చల్లుతూ నేను నీ గురించే ఆలోచిస్తున్నాను. ఊరంతా హోబర్ట్‌ని చూసి ప్రేమగానే నవ్వుతుంది. మన వెండెల్‌ని చూసి కూడా రేపు అలా ప్రేమగా నవ్వుతారా? నాకు వద్దురా ఆ ప్రేమ.

వెంటనే డాక్టర్ని చూడు. మీ జట్టు డాక్టర్ని కాదు, ఆటతో సంబంధం లేని వాడెవడినైనా. చూపించుకోకపోతే నేనే మీ కోచ్‌కి ఉత్తరం రాస్తాను. నాన్నకి ఇష్టమున్నా లేకపోయినా సరే. ఆయన రేడియో ముందు గంతులేస్తుంటే ఆయన మీద నాకెంత కోపం వస్తోందో చెప్పలేను. పాపం, ఆయనకేం తెలుసు.

అక్క

*

మార్లో
అక్టోబర్ 12

అక్కా,

నువ్వలా బెదిరిస్తే నేను ఇంకెవరికి చెప్పుకోను? డాక్టర్ని చూశాను. కళ్ళలో లైటు వేసి, మోకాలి మీద కొట్టి, గుర్రంలా ఉన్నావన్నాడు. ఏ డాక్టరని అడక్కు.

హోబర్ట్‌తో నన్ను పోల్చకు. ఆ రోజుల్లో వాళ్ళ హెల్మెట్లు మన అట్టపెట్టెల పాటివి.

నాకిది తప్ప ఇంకేం వచ్చక్కా? నాన్నలా వానకోసం ఆకాశం వంక చూస్తూ బతకలేను. క్లాసులో కూర్చుంటే అక్షరాలు ఈదుతున్నాయి. బంతి చేతిలోకి వచ్చాక మాత్రం, ఎవడు ఎటు పరిగెత్తుతాడో చూడకుండానే తెలుస్తుంది నాకు. ఆ ఒక్క క్షణం నేను అందరికంటే తెలివైనవాడిని. అది నా చేతుల్లోంచి లాగెయ్యకు. కోచ్‌కి రాయనని అమ్మ మీద ఒట్టు వేసి రాయి. లేకపోతే నాకు తిండి సహించదు.

వెండెల్

*

వెస్ట్ ఫోర్క్
అక్టోబర్ 16

వెండెల్,

రాయను. అమ్మ మీద ఒట్టు.

ఈ రెండు ముక్కలు రాయడానికి మూడు కాగితాలు చింపాను. ఒట్టు వేయించుకున్నవాడివి నువ్వు బాగానే నిద్రపోతావు. నేను మాత్రం ఫోను మోగితే చాలు, చేతిలో పని పడేసి పరిగెత్తుతున్నాను. శనివారం జాగ్రత్త. బంతి త్వరగా వదిలెయ్, ఎవడికో ఒకడికి విసిరెయ్, ఓడిపోతే ఓడిపోండి.

అక్క

*

మార్లో
అక్టోబర్ 23

లొరెట్టా,

సాధించావు. నీ ఆశ తీరింది కదా!

నిన్న కోచ్ గదికి పిలిచి తలుపేశాడు. "నీకు సైగలు గుర్తుండటం లేదటగా, కాగితం మీద వేసి చూపించు" అన్నాడు. వెయ్యలేకపోయాను. నా హెల్మెట్ తీసి కార్ల్ గాడి అలమర పక్కన పెట్టించాడు, ఇక నా చోట ఆడేది వాడేనట. ఎవరు చెప్పారంటే చెప్పనన్నాడు. చెప్పేదేముంది! ఈ లోకంలో ఈ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. ఓటిస్ నా కోసం ప్రాణమిస్తాడు, వాడు చెప్పడు. మిగిలింది నువ్వు.

అమ్మ మీద ఒట్టేశావు. చచ్చిపోయిన మనిషి కదా, వచ్చి అడగదని ధైర్యం. లీలండ్ నిన్నొదిలేసి మంచి పని చేశాడు. నువ్వంటే నాకు అసహ్యం. ఇక నాకు రాయకు, నీ మొహం చూపించకు. నాకు అక్క లేదు.

వెండెల్ టాగర్ట్

*

వెస్ట్ ఫోర్క్
అక్టోబర్ 26

ఓటిస్ బాబూ,

నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నా మాట నీకు వినబడిందో లేదో, అందుకే రాస్తున్నాను. కోచ్‌కి చెప్పి నువ్వు తప్పు చెయ్యలేదు. నేను చెయ్యలేని పని నువ్వు చేశావు. ఆట మధ్యలో వాడు నీ చొక్కా పట్టుకుని "మనం ఎటు వైపు వెళ్ళాలిరా?" అని అడిగాడన్నావే, ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు అన్నం దిగడం లేదు. ఇంకొక్క దెబ్బ తగిలితే ఏమయ్యేదో తలుచుకోవడానికి కూడా ధైర్యం చాలడం లేదు.

నువ్వు ఈ సంగతి వాడికి చెప్పేస్తానన్నావు. చెప్పకు బాబూ. వాడు నేనే చెప్పాననుకుంటున్నాడు. అలాగే అనుకోనీ. నీ మీద కోపం వస్తే వాడు గది మారిపోతాడు. అప్పుడు వాడు తిన్నాడా, మెట్ల మీద తూలాడా, ఎక్కడికి వెళ్ళాడు అని చూసేవాడెవడు? నేను ఇంత దూరంలో ఉన్నాను. నా మీద కోపం ఉన్నా వాడికేం నష్టం లేదు. నువ్వు మాత్రం వాడికి దగ్గరుండాలి.

లొరెట్టా టాగర్ట్

*

వెస్ట్ ఫోర్క్
అక్టోబర్ 26

వెండెల్,

అవును. నేనే రాశాను. అమ్మ మీద ఒట్టు తప్పాను. మళ్ళీ అలాంటి అవసరం వస్తే మళ్ళీ తప్పుతాను.

రాయొద్దన్నావు, రాయను. నీకు ఎప్పుడు రాయాలనిపిస్తే అప్పుడు రాయి. నేనిక్కడే ఉంటాను.

లొరెట్టా

*

మార్లో
నవంబర్ 12

అక్కోయ్,

ఏంటమ్మా, బొత్తిగా ఉత్తరాలు మానేశావు? ఊళ్ళో అంతా బాగున్నారా? రోజూ కింద పెట్టెలో చూస్తున్నాను, నీ దగ్గర్నుంచి ఏమీ ఉండటం లేదు. నా మీద ఏమైనా కోపమా? నేనేమైనా అన్నానా? అని ఉంటే చెప్పు, ఇక్కణ్ణుంచే కాళ్ళు పట్టుకుంటాను.

ఓటిస్‌ని అడిగాను, మా అక్క ఎందుకు రాయడం లేదురా అని. వాడు తుడుచుకుంటున్న బూటు అక్కడే పడేసి, లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఈ మధ్య వాడికేదో అయింది.

మంచి కబురు ఒకటి. కార్ల్‌కి మొన్నటి ఆటలో చెయ్యి విరిగింది. పాపం అనాలి గానీ, లోపల సంతోషంగానే ఉంది. వాడు లేకపోతే కోచ్‌కి నేను తప్ప దిక్కు లేదు. "ఎలా ఉంది నీ తల?" అంటే, "అద్దంలా తేటగా ఉంది" అన్నాను. శుక్రవారం ప్రాక్టీసులో చూసి చెప్తానన్నాడు. పెద్ద జట్ల వాళ్ళు కూడా వస్తారుగా ఈ శనివారం. నువ్వూ నాన్నా తప్పకుండా రండి. నా ఆట ఒక్కటీ నువ్వు వదలవు కదా!

నీ తమ్ముడు,
వెండెల్

*

వెస్ట్ ఫోర్క్
నవంబర్ 14

వెండెల్, నా తండ్రీ,

నీ మీద నాకు కోపం లేదు. ఎప్పుడూ లేదు.

కానీ నీకు నిజం చెప్పాలి, ఇంకెవరూ చెప్పేలా లేరు. పెద్ద జట్ల వాళ్ళు వచ్చి వెళ్ళిపోయారు. వాళ్ళొచ్చింది పోయిన శనివారం. నువ్వు గీత బయట బల్ల మీద కూర్చుని ఉన్నావు, ఓటిస్ చెప్పాడు. పోయిన నెల నువ్వు నాకొక ఉత్తరం రాశావు. నేను చేసిన పనికి నేనంటే అసహ్యమన్నావు, నీకు రాయొద్దన్నావు, నీకు అక్క లేదన్నావు. అందుకే రాయలేదు. ఆ రోజు నుంచీ పోస్టు వచ్చే వేళకి కుర్చీలో ఉన్న మనిషిని అలాగే వదిలేసి గుమ్మంలోకి పరిగెత్తేదాన్ని, నీ కోపం తగ్గిందేమోనని. ఇవాళ కవరు మీద నీ చేతిరాత చూసి, మిసెస్ ప్రూయిట్ నెత్తి మీంచి నీళ్ళు కారుతుంటే ఆవిడ ముందే ఎగిరి గంతేశాను. క్షమించాడు అని అరిచాను కూడా. విప్పి చదివితే, నీ కోపం తగ్గడం కాదురా, నీకు ఆ కోపమే గుర్తులేదు.

నాకు భయంగా ఉంది. ఇంత భయం అమ్మ పోయినప్పుడు కూడా వెయ్యలేదు.

నాన్నకి చెప్పేశాను. నీ ఉత్తరాలన్నీ బల్ల మీద పరిచాను. ఆయన అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ ఒక్కోటీ చదివాడు. నన్ను తిడతాడనుకున్నాను. "నేనే నేర్పాను" అన్నాడు, అంతే. తర్వాత కోచ్‌కి ఫోన్ చేశాడు. "నా కొడుకు ఇక మీ మైదానంలో అడుగు పెట్టడు" అన్నాడు. అది వాడే చెప్పాలి, వాడు పెద్దవాడు అని కోచ్ అన్నాడట. "వాడి బదులు చెప్పడానికి నేనే వస్తున్నాను" అని ఫోను పెట్టేశాడు. జొన్న ఇంకా చేలోనే ఉంది, వానొస్తుందంటున్నారు. కొయ్యడం మళ్ళీ చూసుకుందామన్నాడు.

ఈ ఉత్తరం నీకు అందినా అందకపోయినా మేం వచ్చేస్తున్నాం. శుక్రవారం పొద్దున, ప్రాక్టీసుకి ముందే. ఆట చూడ్డానికి కాదు, నిన్ను తీసుకెళ్ళడానికి. విచిటాలో పెద్ద డాక్టరు దగ్గరికి మనం ముగ్గురం వెళ్తున్నాం. నీ బట్టలు సర్దమని ఓటిస్‌కి ఫోన్లో చెప్పాను. వాడి మీద కేకలెయ్యకు, వాడు నీ వాడు.

దారి పొడుగునా నువ్వు నన్ను తిడతావు, నాకు తెలుసు. నీ ఆట లాగేసుకున్నానంటావు. తిట్టు. పోయిన నెల రాసిన మాటలు, ఆ అసహ్యం, ఆ అక్క లేదనడం, వాటిలో ఏ ఒక్కటి గుర్తొచ్చినా నా మొహం మీదే అను. నాన్న విన్నా పర్వాలేదు. నీకు గుర్తొచ్చిందని మేమిద్దరం సంతోషిస్తాం.

నీ అక్క,
లొరెట్టా